నూటనలభై ఏడో పెట్టె మైనం కట్టింది

ఆశ్వయుజం 6

పెట్టెలు రెండు వందల పన్నెండు. అన్నీ బతికే ఉన్నాయి. వలిసె పూత కొండవాలంతా విచ్చుకుంది. గాలి లేదు. తేనెటీగలు పొద్దున్నే పనిలోకి దిగాయి.

ఇవాళ 1 నుంచి 70 వరకు మూతలు వేశాం, నేనూ సన్యాసప్పా. ఆవిడకు అరవై దాటాయి, నాకు నలభై ఆరు. ఈ చిలకమెట్ట కేంద్రంలో మిగిలిన చేతులు మా నాలుగే. పెట్టెలోంచి పలక లాగి, ప్లాస్టిక్ గదుల్లో ఈగపిల్ల పురుగు ఎక్కడ నిండుగా బలిసిందో చూసి, ఆ గదుల మీద మూతపొర పరిచి వేడి రోలరు నడపాలి. పిల్లగదులకు సూదిబెజ్జాల పొర, తేనెగదులకు బెజ్జాలు లేని పొర. వేళకు మూత పడకపోతే పురుగు గదిలోనే నల్లబడి చస్తుంది. తేనె గాలిలో తేమ తాగి పులుస్తుంది. పట్నంలోని సంఘం మాకిచ్చే ఈగలకు ఒంట్లో మైనం పుట్టదు, కాబట్టి మూతలు మేమే వేస్తాం.

మూతపొర చుట్టలు పద్నాలుగు మిగిలాయి. ఒక చుట్ట మూడు రోజులు వస్తుంది. తాడుబండి నడిపే గౌరీశు మధ్యాహ్నం లోయ దాటి వచ్చాడు. ఉప్పూ బియ్యమూ దించాడు, చుట్టలు దించలేదు.

"ఏటి గౌరీశూ, చుట్టలేవి?" అన్నాను.

"ఏటి సెప్పమంటావు వదినా! పొర తీసే మిషను ఇరిగిపోనాదంట. దాని ముక్క ఎక్కడా దొరకట్నేదని గోదాం కాపలావోడు సెప్పినాడు."

నేను రాసిన పేజీ పొద్దుగూకేసరికి దానంతట అదే సంఘానికి చేరుతుంది కనుక ఇక్కడే అడుగుతున్నాను. చుట్టలు ఎప్పుడు పంపుతారు?

ఆశ్వయుజం 11

జవాబు లేదు. చుట్టలు పన్నెండున్నర.

147వ పెట్టె మూడో పలక లాగేసరికి నడిమధ్యన చేటంత మేర మూతలు వేసి ఉన్నాయి. మన పొర నీలంగా, చదునుగా ఉంటుంది. ఇవి పాలమీగడ రంగులో, కొంచెం ఉబ్బుగా ఉన్నాయి. సన్యాసప్ప తనకు తోచిందేదో పూసిందనుకుని కేకలేశాను.

"నాను ఆ పెట్టె ముట్టనేదు" అందావిడ, రోలరు కింద పెట్టి వస్తూ.

గోటితో ఒక మూత అంచు గీరి ఆవిడ అరచేతిలో పెట్టాను. ఆవిడ దాని మీద నోటి ఆవిరి వదిలి, రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది. సంఘం రాకముందు వాళ్లది కంచు పోతపోసే ఇల్లు. మైనంతో గంట చేసి, మీద మట్టి పూసి కాలిస్తే, మైనం కరిగి కారిపోయిన ఖాళీలో కంచు పోసేవాళ్లు. పదిహేనేళ్ల వయసు దాకా ఆవిడ చేసిన పని ఆ మైనం పిసకడమే.

"ఒలే పరదేసీ, ఇది మైనవేనే" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నకిలీది కాదు. ఈగ ఒంట్లోంచి వొచ్చింది."

147 సంగతి రాయాలి. వేసవిలో ఆ పెట్టె రాణి చచ్చింది. పట్నం నుంచి కొత్త రాణి రావడం ఆలస్యమైంది. ఈలోగా ఈగలే ఒక రాణిని పెంచుకున్నాయి. అది పెట్టె నోటి జల్లెడ సందులోంచి బయటపడి, రెండు రోజులు కొండవైపు ఎగిరి, తిరిగొచ్చి గుడ్లు పెట్టింది. కొండమీద రాణితో జతకట్టే అడవి పోతుటీగలు ఇంకా బతికున్నాయని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది.

నియమం ప్రకారం తెలియజేస్తున్నాను: 147వ పెట్టెలో మైనం కనబడింది.

ఆశ్వయుజం 13

సంఘం జవాబు వచ్చింది. చుట్టల గురించి ఒక్క ముక్క లేదు. "147కు వెంటనే ఆవిరి పెట్టి తెలియజేయండి" అని మాత్రం ఉంది.

బాయిలరులో నీళ్లు పోశాను. పొయ్యి వెలిగించాను. నీళ్లు మరిగాయి.

పదకొండేళ్ల కిందట 31వ పెట్టెలో ఇలాంటి మూతలే కనిపించాయి. అప్పుడు గొట్టం లోపల దూర్చింది నేనే. నిమిషంలో రొద ఆగిపోయింది. మూత తీసి చూస్తే రాణి చుట్టూ ఈగలు ముద్దకట్టి చచ్చి ఉన్నాయి, దాన్ని కాపాడబోయినట్టుగా. "నియమం అమలైంది" అని రాశాను. సంఘం నన్ను మెచ్చుకుంటూ కాగితం పంపింది. దాన్ని అద్దం కట్టించి వంటింటి గోడకు తగిలించాను. ఆ రోజు సన్యాసప్ప నాతో మాట్లాడలేదు. కోపం ఎందుకో నేనూ అడగలేదు.

ఇవాళ గొట్టం పట్టుకుని 147 ముందు నిలబడ్డాను. లోపలి రొద చేతికి తగిలింది. ఇక్కడ పొర అయిపోతోంది. పొర తీసే మిషను విరిగిపోయింది. పొర అక్కర్లేని పెట్టె ఒక్కటే ఒక్కటి ఉంది. దాన్ని చంపమంటున్నారు.

ఆ వేడినీళ్లతో పలకలు కడిగాం. గోడమీది కాగితం తీసి పొయ్యిలో పెట్టాను.

147కు ఆవిరి పెట్టలేదు. పెట్టను.

ఆశ్వయుజం 19

చుట్టలు పది.

ఇవాళ 147లోంచి ఒక ప్లాస్టిక్ పలక తీసేసి ఆ చోటు ఖాళీగా వదిలాం. ఏం చేస్తాయో చూద్దామన్నది సన్యాసప్ప ఆలోచన. మధ్యాహ్నానికి ఈగలు పై చట్రం పట్టుకుని, ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని, దండలు దండలుగా వేలాడాయి. కదలవు. ఊరికే వేలాడుతున్నాయనుకున్నాను. చెయ్యి దగ్గర పెడితే జ్వరమొచ్చిన నుదురంత వెచ్చగా ఉంది.

భూతద్దం పెట్టి చూశాం. వేలాడే ఈగ పొట్ట కింద మడతల్లోంచి సన్నటి రేకులు బయటికి వస్తున్నాయి. ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు. అభ్రకం పెచ్చులా తేటగా ఉన్నాయి. ఈగ వెనకకాలితో ఒక రేకు లాగి, ముందుకు అందించి, నోట్లో పెట్టుకుని నములుతుంది. నమిలేకొద్దీ రేకు తెల్లబడి మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని చట్రానికి అంటిస్తుంది. ఇంకొకటి వచ్చి దాని పక్కన మరో ముక్క పెడుతుంది. పొద్దు వాలేసరికి నాలుకంత పట్టు కిందికి దిగింది. రెండువైపులా గదులు, ఆరు మూలలవి, తేనె జారిపోకుండా నోరు కొంచెం పైకెత్తి ఉన్నాయి. కొలత ఎవరూ ఇవ్వలేదు.

"ఈ పని ముసలి ఈగలు సెయ్యవే. పసివీ సెయ్యవు" అంది సన్యాసప్ప. "మా అయ్య సెప్పీవోడు, పుట్టిన పన్నెండు దినాలకి మొదలెట్టి ఓ వారం సేస్తాయంట. ఆ తరవాత పొట్ట ఎండిపోతాదంట, పూలకి ఎల్తాయంట."

శేరు మైనం పుట్టడానికి ఈగలు ఆరేడు శేర్ల తేనె తింటాయి, అది దండగ, అందుకే ఆ గ్రంథులు తీసేశాం అని శిక్షణలో మాకు నేర్పారు. కొత్తవాళ్లకు నేనూ అదే నేర్పాను. తిననీయండి. వాటి తేనె, వాటి ఇల్లు.

ఆశ్వయుజం 27

చుట్టలు ఏడు. గౌరీశు ఒక చుట్టా తేలేదు, ఒక కాగితం తెచ్చాడు. "పొర పొదుపుగా వాడండి. 147 ఆవిరి నివేదిక ఇంకా అందలేదు. తనిఖీదారు వస్తారు."

"దిగువ కేంద్రంలో పొర అయిపోయి ఎనిమిది దినాలయినాదొదినా" అన్నాడు గౌరీశు. "తాడుబండి ఆ మీదుగా వొస్తే ముక్కు మూసుకోవాల. చిన్నమ్మి అన్నం తిండం మానీసింది."

దిగువ కేంద్రంలో పెట్టెల పెద్ద చిన్నమ్మి. నా దగ్గర పని నేర్చుకుంది. గౌరీశుతో పాటే బండిలో దిగివెళ్లాను. తొంభై పెట్టెల్లోనూ పురుగులు నల్లబడి గదుల్లో జారిపోయాయి. ఈగలు వాటిని లాగి బయట పారేస్తున్నాయి. పెట్టెల ముందు నేల జిగురుగా ఉంది. చిన్నమ్మి నన్ను చూసి లేవలేదు.

"అప్పా, నాను రోజూ రాసినాను. రోజూ. ఒక్కరూ పలకనేదు" అంది. ఏ కేంద్రం పేజీ అయినా అన్ని కేంద్రాలకూ కనబడుతుంది, కానీ మూతల పనిలో పడి నేనూ ఆమె పేజీలు తెరవలేదు.

"పెద్ద ఈగలు ఎన్ని రోజులుంటాయి?" అని అడిగాను.

"నెలుంటాయి. మరి పిల్లలు నేవు కదా, తరవాత ఏటి?"

తరవాత ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఈగ లేకపోతే వలిసె గింజ కట్టదు, ఆవ గింజ కట్టదు. నూనె ఉండదు, వచ్చే ఏటికి విత్తనం ఉండదు. ఈ లోయలో పదహారు ఊళ్లున్నాయి.

తిరిగొచ్చి రెండు పనులు మొదలుపెట్టాం. సంఘం అనుమతి అడగలేదు, అడగబోవడం లేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఒకటి. మూడేసి పెట్టెలను ఒకటిగా కలుపుతున్నాం. నడుమ కాగితం పెడితే ఈగలు దాన్ని కొరికి చింపేలోగా ఒకదాని వాసన ఒకటి అలవాటు చేసుకుంటాయి, పోట్లాడుకోవు. రెండు వందల పన్నెండు డెబ్భై ఒకటవుతాయి. 147ను ఎందులోనూ కలపం. ఏడు చుట్టలు ఇరవై రోజులకు బదులు రెండు నెలలు వస్తాయి. తేనె సగానికి పడిపోతుంది. పడిపోనీ.

రెండు. 147లోంచి ఒకరోజు వయసు పురుగులను తీసి రాణులుగా పెంచుతున్నాం. సన్యాసప్ప కొత్త పట్టు ముక్కను కరిగించి పదహారు మైనపు గిన్నెలు చేసింది, ఒక్కొక్కటి చిటికెనవేలి కొసంత. ఒక్కో గిన్నెలో ఒక్కో పురుగును ఈక కొసతో దించి, రాణి లేని పెట్టెలో వేలాడదీశాం.

కార్తికం 10

పదహారు గిన్నెల్లో పదకొండింటిని ఈగలు అంగీకరించాయి. వాటి చుట్టూ మైనం పెంచి వేరుసెనక్కాయల్లాంటి గదులు కట్టాయి. నిన్నా ఇవాళా పదకొండు రాణులూ బయటికొచ్చాయి. సంఘం పట్నంలో పుట్టించి, గాజుగొట్టంలో పంపే రాణులనే ఇన్నేళ్లూ చూశాను. రాణి తన గది మూతను లోపలినుంచి గుండ్రంగా కోసుకుని, తలుపులా తోసుకుని రావడం ఇదే చూడటం.

వీటిని కొండవైపు ఎగరనిస్తాం. రాణి బయటపడకుండా పెట్టెల నోటికి జల్లెడ బిగించమని నియమం. జల్లెడలన్నీ తీసేశాను.

కార్తికం 21

తొమ్మిది రాణులు తిరిగొచ్చి గుడ్లు పెడుతున్నాయి. రెండు రాలేదు. వాటిని పిట్ట తిన్నదో, దారి తప్పాయో.

కలిపిన పెట్టెల్లో ఆరు పాడయ్యాయి. పోట్లాడుకుని చచ్చాయి. కాగితం పలచనిది వాడాను, తప్పు నాదే. అరవై ఐదు మిగిలాయి.

దిగువనుంచి చిన్నమ్మి వచ్చింది. తొంభైలో ఇరవై రెండు పెట్టెలే ఊపిరితో ఉన్నాయంది. బలిసిన పురుగులున్న పలకలు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. వాటిని 147లో పెట్టాం. పొద్దున్న పెట్టి, మర్నాడు తీసేసరికి నాలుగు పలకలకూ మూతలు పడ్డాయి. పరాయి పిల్లలని ఈగలు చూడలేదు. చిన్నమ్మి ఆ మూతల మీద వేలితో మెల్లగా రాసి చూసింది.

"దీనికి బెజ్జాలు నేవు కదప్పా, ఊపిరెలాగ?"

"పిల్ల మీద వేసే మూతలో పుప్పొడి కలుపుతాయే, గాలి ఆడతాది. తేనె మీద వేసేదాంట్లో కలపవు" అని సన్యాసప్ప చెప్పింది.

చిన్నమ్మి అన్నం తిని వెళ్లింది. ఇకనుంచి గౌరీశు తాడుబండి దిగువ పలకలు తెస్తుంది, మూతలతో తిరిగి తీసుకెళ్తుంది. గౌరీశుకు ఇందులో తప్పేమీ లేదు. బండి ఎక్కించమన్నది నేను.

మార్గశిరం 22

నిన్న ఆ తొమ్మిది రాణుల పెట్టెల్లో నాలుగింట మొదటి మైనపు మూతలు కనబడ్డాయి. కొత్త రాణుల పిల్లలకు పన్నెండు రోజులు నిండాయి. ఇవాళ తనిఖీదారు వచ్చాడు.

పేరు ఫల్గుణరావు. వెంట ఇద్దరు మనుషులు, చక్రాల మీద బాయిలరు. నేను పెట్టెల వరస ముందుకు వెళ్లి నిలబడ్డాను. సన్యాసప్ప పనాపి వచ్చి నా పక్కన కూచుంది. ఆవిడకు మోకాళ్ల నొప్పి.

"పరదేశమ్మగారూ, మీ పుస్తకమంతా చదివినాను" అన్నాడాయన. "ఇంత కాలం ఎవరూ ఇలాగ రాయలేదు. తప్పు చేసినవాళ్లు దాస్తారు. మీరు చేసిందల్లా రాసి పంపుతున్నారు."

"తప్పయితే దాద్దును" అన్నాను.

147 చూపించమన్నాడు. చూపించాను. ఈగల దండ వేలాడుతోంది. ఆయన వంగి చూశాడు. చూస్తూ బొటనవేలితో చూపుడువేలి పక్కన కాయ కాచిన చోటు రుద్దుకున్నాడు. అది రోలరు పట్టిన కాయ. నాకూ ఉంది.

"మీరెక్కడ చేశారు?" అని అడిగాను.

"ఏటొడ్డు కేంద్రం. పన్నెండేళ్లు మూతలేసినాను." మనుషులకు వినబడకుండా అన్నాడు: "ఏటొడ్డు కేంద్రం పోనాదమ్మా. మొన్న అమావాస్యకి. ఒక్క పెట్టె నేదు."

సంఘం ఈ మాట మాకు చెప్పలేదు. ఎన్ని కేంద్రాలు పోయాయని అడిగితే చేతివేళ్లు ఒక్కొక్కటే ముడిచి లెక్కపెట్టబోయి, ఆపేశాడు.

తరవాత ఆయన ఒక దారి చెప్పాడు. ఖాళీ పెట్టె ఒకటి పెడితే దానికి ఆవిరి పట్టిస్తాడు. 147కు పెట్టామని పుస్తకంలో నేను రాయాలి, తను సంతకం చేస్తాడు. 147నీ దాని పిల్లలనూ కొండ వెనక్కు మార్చేయాలి. నా పనీ ఉంటుంది, ఈగలూ ఉంటాయి.

"నాను మీ మంచికే సెప్తన్నాను" అన్నాడు. వచ్చినప్పుడు ఆఫీసు మాటలాడిన మనిషి పూర్తిగా తన ఊరి మాటలోకి వచ్చేశాడు. మంచికే చెబుతున్నాడని నమ్మాను. క్షణం సేపు ఆశ కూడా పుట్టింది. ఇరవై మూడేళ్ల పని నాది, ఇల్లు కూడా కేంద్రానిదే.

సన్యాసప్ప నా మొహం చూసింది.

"అలా రాస్తే, మైనం పట్టిన పెట్టెను చంపేశారని మిగతా కేంద్రాలు చదువుతాయి" అన్నాను. "వాళ్ల పెట్టెల్లో మైనం కనబడితే వాళ్లూ చంపుకుంటారు. ఏటొడ్డులో ఎవరికైనా కనబడిందేమో, మీకు తెలుసా? ఎవరో నాలాగే ఆవిరి పెట్టి, అమలైందని రాసి ఉంటారు. నేను రాయను బాబూ. చంపాలంటే గొట్టం మీ చేత్తో పెట్టండి. మీరు పెట్టారనే రాస్తాను."

బాయిలరు బుసకొడుతోంది. మనుషులిద్దరూ ఆయన వంక చూశారు. ఆయన గొట్టం అందుకున్నాడు. 147 దాకా వచ్చాడు. నేను అడ్డం తప్పుకోలేదు. సన్యాసప్ప నా కొంగు పట్టుకుని లేచి నిలబడింది.

"బాబూ" అందావిడ, "నీ పన్నెండేళ్లూ ఈ ఈగలు సేసీ పనే కదా నువ్వు సేసినావు. దాని పని దాన్ని సేసుకోనియ్యి."

ఆయన గొట్టం నేలమీదికి వదిలేశాడు. ఆవిరి మట్టిలోకి పోయింది.

నా పుస్తకంలో సంతకం మాత్రం పెట్టలేదు. కేంద్రం ముద్ర అడిగి తీసుకున్నాడు, ఇకమీదట నేను పెట్టెల పెద్దను కానన్నాడు. వెళ్లేముందు వెనక్కి వచ్చి, ఏటొడ్డులో తన తరవాత చేసినామె పేరు చెప్పి, ఆమెకు ఒక రాణి పంపగలవా అని అడిగాడు. పంపుతానన్నాను.

మార్గశిరం 27

సంఘం ఉత్తర్వు చదివాను. పుష్యం 4న పట్నంలో విచారణకు హాజరు కావాలి. ఏయే కేంద్రాలకు మైనపు రాణులు ఇచ్చానో పేర్లతో సహా ఈ పుస్తకంలో రాయాలి. ముద్ర లేదు కాబట్టి ఇది నా ఆఖరి పేజీ కావచ్చు. ఈ పేజీ కూడా మిగతావాటిలాగే అన్ని కేంద్రాలకూ కనబడుతుందని తెలిసే రాస్తున్నాను.

నేను చేసినవన్నీ రాశాను. మళ్లీ కావాలంటే మళ్లీ రాస్తాను. 147ను చంపలేదు. అనుమతి లేకుండా పెట్టెలు కలిపాను. జల్లెడలు తీశాను. రెండో విడత ముప్ఫై రాణిగదులు పెంచాను. నావి నావే.

చిన్నమ్మి తన పేరు రాయమంది. తీసుకున్న మిగతావాళ్ల పేర్లు రాయను.

మిగతా కేంద్రాలవారికి: మీ పెట్టెల్లో పాలమీగడ రంగు మూత కనబడితే ఆవిరి పెట్టకండి. ఒక పలక తీసి చోటివ్వండి. నోటికి జల్లెడ ఉంటే ఊడదీయండి. తేనె సగం వాటికి వదలండి. మైనం అవే కడతాయి. కనబడకపోతే చిలకమెట్టకు రండి. మా దగ్గర ఉన్నన్ని ఇస్తాం, ఊరికే ఇస్తాం, ఎలా పెంచాలో సన్యాసప్ప చూపిస్తుంది.

సంఘానికి: విచారణకు రాను. పుష్యం 4న దిగువ కేంద్రంలో చిన్నమ్మి పెట్టెల్లో పద్నాలుగు రాణులు బయటికొస్తాయి, నేను అక్కడ ఉండాలి. నన్ను అడగవలసినవి ఉంటే మీరే అక్కడికి రండి. మొహానికి వల తెచ్చుకోండి. కొత్త ఈగలకు మీరెవరో తెలీదు.